ఆరుద్ర ఎరుపు, పక్కచుక్క నీలం

అంతోనయ్యకు జీవితంలో రెండు గట్టి నమ్మకాలు. ఒకటి ఆదివారం చర్చిలో అందరితో కలిసి చెప్పేది. రెండోది, ములకలపల్లి అడవి రోడ్డు మీద స్కూల్ వ్యాన్ తనలా నడిపే మనిషి ఇంకా పుట్టలేదనేది. మొదటిదాన్ని ఊళ్లో కాదనేవాళ్లున్నారు గానీ, రెండోదాన్ని రోడ్డు మీది మేకలు సైతం ఒప్పుకున్నాయి.

కొంతకాలంగా మాత్రం పొద్దు గూకితే ఎదురు బండ్ల లైట్లు పగిలిన పత్తికాయల్లా విచ్చుకుంటున్నాయి. ఆ సంగతి దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే వ్యాన్ దిగమంటారు; దిగాక తానెవరో ఆయనకే తెలియదు మరి.

జనవరిలో ఒక సాయంత్రం, అదే బడిలో సైన్సు చెప్పే కూతురు ఫ్లోరెన్స్ పిల్లలకు చుక్కలు చూపిస్తోంది. వాళ్లను ఇళ్లకు దింపాలి గనుక అంతోనయ్య కూడా గ్రౌండ్‌లో నిలబడ్డాడు.

"చుక్క కాడికి ఎవ్వరం పోలేం. అయినా దాని పైభాగం ఎంత వేడో దాని రంగే చెప్తది. ఎర్రగుంటే తక్కువ వేడి, నీలంగుంటే ఎక్కువ."

"తప్పు బిడ్డా," అన్నాడు అంతోనయ్య, తీర్పు చెప్పే పెద్దమనిషిలా. "నిప్పు ఎర్రగుంటది. నీలం నీళ్లది. ఏ ఊరి సైన్సే ఇది?"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"కొలిమిల ఇనుము ముందుగాల ఎర్రగైతది నాయినా. ఇంకా కాలిస్తే పసుపు, ఆ పైన తెలుపు. చుక్కలు అంతకన్న కాలి నీలమైతయ్. అగో, వరుసగ మూడు చుక్కలున్నయి చూడు. వాటికి ఎడమదిక్కు ఎర్రది ఆరుద్ర, మన కార్తె పేరే. కుడిదిక్కు నీలంది దానికన్న మూడింతల పైనే వేడి."

అంతోనయ్య చాలాసేపు చూశాడు.

"రెండూ పసుపునీళ్లల్ల ముంచితీసినట్టే ఉన్నయి గదనే. నీలం ఏడుంది?"

"తాతా, గంత నీలంగ మెరుస్తాంటే!" అంది జెస్సికా అనే పిల్ల. అందరూ నవ్వారు. ఫ్లోరెన్స్ నవ్వలేదు. చుక్కను వదిలేసి తండ్రి కళ్లలోకి చూసింది.

"ఎన్నొద్దుల సంది నాయినా, గీ పసుపు?"

ఆయన జేబులో వ్యాన్ తాళం తడుముకున్నాడు.

"కండ్లల్ల పొర వచ్చింది. దవాఖానాల తీసేస్తరు."

"అందాక వ్యాన్ నాకోసం ఆగుతదా? డ్రైవర్లకు కరువా?"

"ఏమో నాయినా. అబద్ధం చెప్పలేను."

పిల్లలు అప్పటికే వ్యాన్‌లో సీట్ల కోసం కొట్లాడుకుంటున్నారు. అంతోనయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. గేటు బయట లారీ ఒకటి లైట్లేసుకుని వచ్చింది. పత్తి విచ్చుకుంది; రోడ్డు అందులో మునిగిపోయింది. వెనక జెస్సికా ఏదో పాట అందుకుంది.

తాళం తిప్పకుండానే దిగాడు.

రెండో వ్యాన్ నడిపే సుకుమార్ గేటు దగ్గర ఉన్నాడు. అతని డ్రైవింగ్ మీద అంతోనయ్యకున్న అభిప్రాయం చర్చి ఆవరణలో చెప్పదగింది కాదు. అతని చేతిలోనే తాళం పెట్టాడు.

"మలుపు కాడ మేకలుంటయ్. హారన్ కొట్టకు, బెదురుతయ్. ఆగు. అవే పోతయ్."

"అట్లనే పెద్దయ్యా."

వ్యాన్ వెనక ఎర్రలైటు అడవిలోకి పోయేదాకా చూసి, కూతురి వైపు తిరిగాడు.

"ఆ నీలంది ఏ దిక్కున్నదంటివి?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చూపించింది. ఆయనకింకా పసుపుగానే ఉంది. అయినా తల దించలేదు.