తల్లిగారింట జరగని కాన్పు

భాగ్యమ్మ నోట్లో నాలుక లేని మనిషి. నాకు ఒళ్లు మండేది అక్కడే. మాది కాకినాడ. మేం మాట పడితే తిరిగి నాలుగు అంటే గానీ అన్నం దిగదు. ఆమె మాత్రం ఎవరేమన్నా "పోనియ్యి జయంతమ్మా" అనేసి ఊరుకుంటుంది. మాదాపూర్‌లో ఏదో కంపెనీలో హౌస్‌కీపింగ్ పని, కొత్తగూడలో మా పక్క గది.

పోయినేడు ఆమెకు టీబీ వచ్చింది. ఒక్క పూట మానకుండా మందులు మింగింది. పూర్తిగా తగ్గింది, ఇక ఎవరికీ అంటదు అని దవాఖానలో డాక్టరు ఆమె కూతురు స్రవంతి ఎదుటే చెప్పాడు.

స్రవంతికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు తల్లిగారింట్లోనే జరగాలని వాళ్ల ఆనవాయితీ. భాగ్యమ్మ గదికి సున్నం వేయించింది. పాత చీరలు ఉతికి, పసిబిడ్డకు మెత్తటి బొంతలు కుట్టమని నాకిచ్చింది. తీరా జీడిమెట్ల నుంచి వియ్యపురాలు ఫోను చేసింది.

"మా కోడలు మా ఇంట్లనే కంటది. మీరేం ఫికర్ చేయకుండ్రి."

ఎంత మర్యాదగా తన్నిందో చూశారా! ఆడపిల్ల పుట్టింది. తొట్టెల పండుగకు, అదే పాపను ఉయ్యాల్లో వేసే రోజున, తల్లిగారి తరఫున తొట్టెల మోసుకెళ్లిన మనిషికి గుమ్మం బయట కుర్చీ వేశారట. పాపను లోపలి నుంచే చూపించారట. అది కూడా నవ్వుతూనే చెప్పింది మహాతల్లి. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మొన్న ఆదివారం ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది. టీబీ వచ్చి తగ్గినవాళ్లను జనం ఎంత దూరం పెడుతున్నారో కొలిచే సర్వేనట. కొలవడానికి అదేమన్నా జ్వరమా! ప్రతి ప్రశ్నకూ ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు అనే మూడింట్లో ఒకటి చెప్పాలి.

"మీ వాళ్లు మిమ్మల్ని శుభకార్యాల్లో దూరంగా ఉంచారా అమ్మా?"

"ఎప్పుడు లేదు."

"చిన్నపిల్లల్ని మీ దగ్గరికి రానివ్వడం మానేశారా?"

"ఎప్పుడు లేదు బిడ్డా."

నేనింక ఉండబట్టలేకపోయాను. "ఆ కుర్చీ సంగతి చెప్పవేం భాగ్యమ్మా? ఎవరికోసం ఈ దాపరికం?"

ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. "కడుపు చింపుకుంటే కాళ్ల మీద పడ్తది గదమ్మా. నా బిడ్డ ఆ ఇంట్లనే బతకాలె. తల్లి బయట మా ఇజ్జత్ తీసిందని అంటే, దాని గతేంది?"

ప్రశాంతి నా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. చివరికి చేతిలోని ఫోనులో ఎప్పుడూ లేదు అనే నొక్కింది. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. దిగింది స్రవంతి, చంకలో పాప. అత్తతో గొడవపడి వచ్చిందట. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. లోపలికి వస్తూనే పాపను పట్టుకుని రెండు చేతులూ ముందుకు చాచింది.

"ఎత్తుకోవే అమ్మా. ఎవలేమంటరో నేను చూస్త."

అబ్బ, ఎంత మాటన్నావే తల్లీ అనుకున్నాను. భాగ్యమ్మ చేతులు ముందుకొచ్చాయి. పాప బొంతను తాకబోయి ఆగిపోయాయి. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గోడ దాకా వెనక్కి జరిగింది.

"అమ్మా! తగ్గిందని డాక్టర్ సాబ్ నా ముందటనే చెప్పిండు గదనే!"

"చెప్పిండు బిడ్డా. నాకే భయమైతుంది. ఇంతమంది భయపడ్డరంటే, ఏదో ఉండే ఉంటది గద. నువ్వే పట్టుకో. నేను ఈడికెల్లి చూస్త."

స్రవంతి చాచిన చేతులు దించలేదు. "ఒక్కసారే అమ్మా" అంది. భాగ్యమ్మ తల అడ్డంగా ఊపింది. ఎంత చెప్పినా గోడను వదల్లేదు. ఆఖరికి స్రవంతి ఏడుస్తూ పాపను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది.