కన్ను పెట్టని చిలక

నాకు కోపం ఎక్కువ. నీ నోటికి బ్రేకుల్లేవే అని మా ఆయన పెళ్ళైన కొత్తలోనే తేల్చీసాడు. నిజమే. కానీ మా మనవరాలి పెళ్ళి ముందు రోజుల్లో ఆ నోరు కాస్తా పడిపోయింది. కోపమంతా లోపలే కుతకుతలాడింది. ఎవరి మీద చూపించాలో తెలిస్తే కదా.

మనవరాలంటే నా కూతురి కూతురు. భిలాయిలో పుట్టి ఇక్కడే పెరిగింది. మాట తెలుగులో మొదలెట్టి హిందీలో ముగిస్తుంది. అప్పటికి మేమిద్దరం అల్లుడి క్వార్టర్లోనే ఉంటున్నాం, ముందు గది మాది. కిటికీ పక్క మంచం మీద మా ఆయన. చుట్ట మానమని ఎంత మొత్తుకున్నా మానలేదు, ఆఖరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేశారు, ఇంక ఇంటి దగ్గరే చూసుకోండి అన్నారు. ఆ మాటకి అర్థం నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను బుర్రుమంటూనే ఉండేది. నేను ఆయన మంచం పక్కనే నేల మీద చాప పరుచుకుని కుండలు వేసుకునేదాన్ని.

మావైపు వాళ్ళ పెళ్ళి భిలాయిలో ఏ సెక్టారులో జరిగినా ఐరేని కుండలు వేసేది నేనే. పెళ్ళి మండపంలో ఒకదాని మీదొకటి పేర్చి పూజ చేసే కుండలు అవి. సున్నం పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రటి జేగురుతో, పసుపుతో, ఆకుపచ్చతో మామిడాకులూ తామరలూ చిలకలూ వెయ్యాలి. మా అమ్మ బొబ్బిలి దగ్గర పల్లెలో నాకు నేర్పింది, నేను దాన్ని ఇంత దూరం మోసుకొచ్చాను. కుండలు పక్కనున్న కుమ్హారి ఊళ్ళో ఒక కుమ్మరి దగ్గర చెప్పి చేయించుకుంటాం. కుంచె మాత్రం మా ఆయనే చెయ్యాలి. ఈత మట్ట కోసుకొచ్చి, పుల్ల చివర సుత్తితో మెల్లగా దంచి, పీచు తేలాక పళ్ళతో కొరికి కొస సరిచేసేవాడు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపిన చేతులు ఆ పుల్ల దగ్గర ఎంత నెమ్మదించేవో. ఇంతా చేసి, కుండ మీద చిలకని చూసి "ఏటే, చిలకా కాకా ఇది?" అనేవాడు. ఆ మాట అననిదే ఒక్క పెళ్ళీ దాటలేదు.

చిలకలకి కళ్ళు మాత్రం ముందు పెట్టకూడదు. కుండలన్నీ పూర్తయ్యాక, ఒకేసారి కూర్చుని అన్నిటికీ పెట్టాలి. కళ్ళు పెడితే పని అయినట్టు. ఇంకో కట్టుబాటు ఉంది. ఆ చెయ్యి ముత్తైదువ చెయ్యే అయ్యుండాలి.

అదీ సంగతి. ఆయన ఉన్నంతవరకే నా చెయ్యి పనికొస్తుంది. ఆయన పోయిన మరుక్షణం నేను నా మనవరాలి కుండలు ముట్టుకోకూడదు. నా కూతురు ముత్తైదువే గానీ దానికి గీత రాదు, గుమ్మంలో ముగ్గు కూడా స్టిక్కరు కొనుక్కొచ్చి అంటిస్తుంది. నేను వెయ్యకపోతే సుపేలా బజార్లో మెరుపుకాగితాలు అంటించిన కుండలు కొంటారు. ఊరందరి పిల్లలకీ వేసి నా పిల్లకి వెయ్యలేకపోవడమా?

ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అంటే బాగుణ్ణు, నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. "అమ్మా, కుండలు బేగి కానిచ్చీ" అనేది కూతురు, మందులిస్తూ, తండ్రి మొహం చూస్తూ. పెళ్ళికొడుకు తల్లి ఫోన్ చేసి, "పిన్నిగారూ, బాబాయిగారు ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు పూర్తవకముందే "కుండలు ఎంతవరకు వచ్చాయి?" అనేది. అందరూ అడుగుతున్నది కుండల గురించి కాదని నాకు తెలీదా? కూతురి కూతురు కాబట్టి మైల తీరాక పెళ్ళి ఆపక్కర్లేదని పంతులుగారు చెప్పీసారట. అంటే అడిగారన్నమాట. మనిషి కిటికీ పక్కన ఊపిరి తీస్తుండగానే అడిగారు. ఆ రోజు వంటింట్లో గిన్నె విసిరేశాను. చెయ్యి జారింది అనుకున్నారు.

ఎవర్ని అని ఏం లాభం, నేనేం తక్కువ తిన్నానా. ఆయన దగ్గు తెర వస్తే లేచి వీపు నిమిరేదాన్ని. తెర తగ్గగానే మళ్ళీ కుండ ముందు కూలబడి గబగబా గీతలు గీసేదాన్ని. ఆయనతో పందెం వేసినట్టు ఉండేది. సున్నం సరిగ్గా ఆరకముందే రంగు పెట్టి, అది పాకిపోతే మళ్ళీ తుడిచి, మళ్ళీ పెట్టి. కట్టుకున్నవాడు పోయేలోపు నా పని అవ్వాలి అని తొందరపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా? నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా చెయ్యి ఆగేది కాదు.

మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చుని సున్నం పూసేది. పెళ్ళికూతురు తన కుండల మీద బొమ్మ వెయ్యకూడదు గానీ సున్నం పూస్తే తప్పులేదు. "అమ్మమ్మా, ఈ తోతా మోటా అయిపోయింది, డైటింగ్ చేయించు" అనేది చిలకని చూపించి. మంచం మీంచి ఆయన నవ్వబోయి దగ్గేవాడు. దగ్గు వస్తుందని పిల్ల నవ్వించడం మానేసింది. అప్పట్నుంచి గదిలో మిషను చప్పుడొకటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం కూతురు బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. ఆయన నన్ను చూస్తూ ఉన్నాడు. ఎప్పట్నుంచి చూస్తున్నాడో.

"ఎందుకే అంత గాబరా?" అన్నాడు.

"పెళ్ళి దగ్గరకొచ్చీసింది కదండీ."

"నీ కుండలు అయ్యేవరకూ నేనుంటాలే. నెమ్మదిగా వెయ్."

అంతే అన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. నా చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. అప్పటికి పనంతా అయిపోయింది, కళ్ళు పెట్టడమే మిగిలింది. ఆ ఒక్క మాటతో నన్ను కట్టి పడేశాడు. కళ్ళు పెడితే ఆయన తన మాట చెల్లిందనుకుని వెళ్ళిపోతాడు. పెట్టకుండా ఉండగా ఆయనకేమైనా అయితే ఆ చిలకలు గుడ్డివిగానే ఉండిపోతాయి, పిల్ల పెళ్ళికి పనికిరావు. దేవుడా, ఏది ఎంచుకోమన్నావు నన్ను అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్న, అన్నిట్లోకీ పెద్ద కుండ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాను. బట్టలుతికే రాయి మీద వదిలీసాను.

చప్పుడికి కూతురు పరుగెత్తుకొచ్చింది. పెళ్ళి కుండ పగిలితే ఎంత అపశకునమో దానికి తెలుసు. "ఏటమ్మా ఇది" అని తల పట్టుకుంది. ఎండలో పెడదామని తెస్తే జారిపోయింది అన్నాను. మనవరాలు "కోయీ బాత్ నహీ అమ్మమ్మా" అంటూ పెంకులు ఏరింది. అల్లుడు పాపం డ్యూటీ దిగి అలాగే బండి మీద కుమ్హారి వెళ్ళి ఇంకో కుండ తెచ్చాడు. సున్నం, ఆరబెట్టడం, జేగురు, మామిడాకులు, చిలక. కొన్నాళ్ళు గడిచాయి. అన్నాళ్ళూ ఆయన ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కుండా పూర్తయింది. దాన్నీ పగలగొట్టాను.

ఈసారి కూతురు నా మొహంలోకి చూసింది. మీ ఇంట్లో కుండలు నిలవట్లేదేమిటని కుమ్మరి అడిగాడట. మా ఆయన పరిస్థితి అప్పటికి బాగా దిగజారింది. నీళ్ళు చెంచాతో పట్టినా పక్కకి కారిపోయేవి. ఒక్కో ఊపిరికీ ఒళ్ళంతా లేచి పడేది. నేను చూస్తూనే ఉన్నాను, చూస్తూనే ఇంకో కుండకి సున్నం పూశాను. పెళ్ళి వారం రోజుల్లోకి వచ్చీసింది.

ఆ కుండ కూడా అయింది. రెండు చేతులా ఎత్తాను.

"అది కింద పెట్టే" అన్నాడు ఆయన. గొంతు మిషను చప్పుడు కింద ఎక్కడో వినబడింది.

"ఎండలో పెడదామనండీ."

"ఇంక పగలగొట్టకే. అలిసిపోయాను."

కుండ కింద పెట్టాను. ఆయన మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయాను. అన్నీ తెలిసే ఊరుకున్నాడు ఇన్నాళ్ళూ. నా కోసం ప్రాణం లాక్కొచ్చాడు. నేను ఆయన్ని బతికిస్తున్నాననుకున్నాను.

కుంచె ఇలా తే అని చెయ్యి చాపాడు. ఇచ్చాను. కొసని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. "ఇంకా బానే ఉంది" అని తిరిగిచ్చాడు.

మసి కలుపుకుని కూర్చున్నాను. ఒక్కో చిలకకీ కన్ను పెడుతుంటే ఆయన చూస్తూనే ఉన్నాడు. చిలకా కాకా అని అడుగుతాడేమోనని ఆగాను. అడగలేదు. నా కన్నీళ్ళు సున్నం మీద పడతాయని మొహం పక్కకి తిప్పుకుంటూ పెట్టాను.

"అయిందా?" అన్నాడు.

"అయిందండి" అన్నాను.

అవలేదు. ఆ కొత్త కుండ మీద చిలకకి పెట్టలేదు. కుండని గోడవైపు తిప్పీసాను. అదొక్కటి మిగిలుంటే ఏదో ఆగుతుందని నా పిచ్చి. ఏమీ ఆగలేదు. మర్నాడు, కూతురు కాఫీ కలుపుతుండగా వెళ్ళిపోయాడు.

పెళ్ళి తర్వాతి ముహూర్తానికి జరిగింది. ఆ కుండలే పెట్టారు. చాలా బాగున్నాయని అందరూ అన్నారట, గుడ్డి చిలక మాట ఎవరూ ఎత్తలేదు. నేను క్వార్టర్లోనే ఉండిపోయాను.

పెళ్ళయ్యాక మనవరాలు కుండల్ని తనతో తీసుకెళ్తూ, ఆ ఒక్కటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అమ్మమ్మా, దీనికి ఆంఖ్ పెట్టడం భూల్ గయీ. పెట్టీ" అంది.

"నా చెయ్యి ఇప్పుడు పనికిరాదే" అన్నాను.

"ఎవరన్నారు?" అంది. ఎవరని చెప్పను? పోనీ మమ్మీ పెడుతుందని తల్లి చేతికిచ్చింది కుంచె. నా కూతురు దాన్ని పట్టుకుని, చిలక ముందు కాసేపు అలా నించుంది. తర్వాత కుంచె తెచ్చి నా ఒళ్ళో పెట్టీసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్ల ఆ చిలకని అలాగే తీసుకెళ్ళింది. కుంచె నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి, కొసని రెండు వేళ్ళతో నొక్కి చూస్తుంటాను. ఇంకా బానే ఉంది.