మూడో అంతస్తు దాకా వినబడ్డ తుమ్ము

ప్రపంచ చరిత్రను క్రీస్తుకు పూర్వం, క్రీస్తు తరువాత అని విడదీసిన పండితులు మా వీధికి ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే మామయ్య తుమ్ముకు పూర్వం, మామయ్య తుమ్ము తరువాత అని విడదీసి ఉండేవారు. అది మామూలు తుమ్ము కాదు. మొదట ఒక నిశ్శబ్దం. అందులో మామయ్య కళ్ళు మూసుకుని, ఏదో మహత్తరమైన విషయం జ్ఞాపకం తెచ్చుకుంటున్నవాడిలా చెయ్యి పైకెత్తేవాడు. ఆ తరువాత పేలుడు. నిద్రపోతున్న పసివాళ్ళు ఏడుపు మొదలెట్టేవారు, ఏడుస్తున్నవాళ్ళు ఆపేసేవారు. దాని వెనకే, సంతకం కింద గీత గీసినట్టు, బుల్లి తుమ్ము ఇంకొకటి.

వృత్తిరీత్యా ఆయన ఫోటోగ్రాఫరు. బజారులో చిన్న స్టూడియో ఉండేది. "కదలకండి" అని ఎదుటివాళ్ళకు చెప్పి తాను తుమ్మేవాడు. మా ఊళ్ళో సగం మంది, గుర్తింపు కార్డుల్లో, ఇంట్లో దొంగలు పడ్డారని అప్పుడే విన్నట్టు ఉండడానికి కారణం అదే.

"ఇది నేనేనా?" అని ఒకాయన ఫోటో పట్టుకుని అడిగాడు.

"మీరేనండీ. కాస్త శ్రద్ధగా ఉన్నారంతే," అన్నాడు మామయ్య.

సాయంత్రం ఇంటికొస్తూ వీధి మలుపులో ఒకటి తుమ్మడం తప్పనిసరి. ఎండైనా వానైనా అది తప్పేది కాదు. ఆ మలుపులో ఏదో ప్రత్యేకమైన దుమ్ము ఉందని ఇంటిల్లిపాదీ సిద్ధాంతం చేశాం. నేనొకసారి వెళ్ళి ముక్కు పెట్టి పరిశోధించాను కూడా. ఏమీ దొరకలేదు. ఆ మోత వినగానే అత్తయ్య లేచి కాఫీకి నీళ్ళు పెట్టేది.

"మామయ్యను డాక్టరుకు చూపించొచ్చు కదా అత్తయ్యా?"

"చూపించాను నాయనా. ఆ డాక్టరు ఇల్లు మారిపోయాడు."

అలాంటి రోజుల్లో మహమ్మారి వచ్చిపడింది. తుమ్ము నేరమైపోయింది. మందుల షాపు ముందు సున్నంతో గీసిన వలయాల్లో జనం బారులు తీరి ఉన్నారు. మామయ్య చిట్టచివరి వలయంలో నిలబడ్డాడు. నిశ్శబ్దం, చెయ్యి, పేలుడు. కళ్ళు తెరిచి చూసుకునేసరికి వరసలో మొదటివాడు ఆయనే.

"అయ్యో, వెళ్ళకండి! మీ తరువాతే నేను!" అంటూ మర్యాద కొద్దీ వాళ్ళ వెంట పడ్డాడు. ఆయన మర్యాద పెరిగేకొద్దీ వాళ్ళ పరుగూ పెరిగింది.

పారిపోయినవాళ్ళంతా క్షేమంగానే ఉన్నారు. జబ్బు వచ్చింది మామయ్యకూ అత్తయ్యకూ. ఆయన్ని వెనక గదిలో పెట్టి తలుపు వేశాం. అత్తయ్యకు ఊపిరి అందక ఆస్పత్రిలో చేర్చాం. ముందు వరండాలో ఉంచి, మంచం ఖాళీ అయ్యాక మూడో అంతస్తుకు మార్చారు. చూడ్డానికి ఎవర్నీ రానివ్వలేదు.

ఓ రోజు అక్కడి నర్సమ్మ ఫోన్ చేసింది. "మీ అత్తయ్యగారు ఆక్సిజన్ మాస్కు లాగి పారేస్తున్నారండీ. తిండి ముట్టడం లేదు. వాళ్ళాయన పోయారట, మీరంతా దాస్తున్నారట. ఇలాగే ఉంటే మాత్రం చాలా కష్టం."

పక్క మంచం ఆవిడ దగ్గర, భర్త పోయిన సంగతి ఆమె పిల్లలు అలాగే దాచారు, మంచికే. అది అత్తయ్య కళ్ళారా చూసింది. ఇక మా మాట ఎలా నమ్ముతుంది?

మామయ్య చేత మాట్లాడించాం. జబ్బుతో ఆయన గొంతు రంపంలా తయారైంది.

"ఇది ఆయన గొంతు కాదు. ఒరేయ్ అల్లుడూ, నువ్వే కదూ?" అంది అత్తయ్య.

వీడియో పెట్టాం. ఆవిడ కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. "ఎవడో గడ్డంవాణ్ణి పట్టుకొచ్చారు," అంది. కాసేపు ఆయాసపడి, "నిజంగా ఆయనే అయితే తుమ్మమను," అంది.

జీవితమంతా ఎవరూ కోరకుండానే తుమ్మిన మనిషి, మొట్టమొదటిసారి ఒకరు కోరితే తుమ్మలేకపోయాడు. ముక్కుకు వాసన తెలియడంతో పాటు తుమ్మునూ జబ్బు ఎత్తుకుపోయింది. మిరియాల పొడి పీల్చాడు. కాగితం పురి పెట్టి ముక్కులో తిప్పాడు. ముక్కు మాత్రం గోడకు కొట్టిన మేకులా నిర్వికారంగా ఉంది. చివరికి గొంతుతో అభినయించాడు. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఏదో వచ్చింది.

"అదీ ఒక తుమ్మేనా?" అని అత్తయ్య ఫోన్ పెట్టేసింది.

బయట తిరగొచ్చని డాక్టరు చెప్పిన రోజునే, "పదరా," అన్నాడు మామయ్య. ఆస్పత్రి వెనక, సిలిండర్లు దించే చోటికి వెళ్ళాం. గార్డు అడ్డొచ్చాడు.

"ఎక్కడికి పెద్దాయనా? లోపలికి ఎవర్నీ పంపడం లేదు."

"లోపలికి కాదు బాబూ, ఇక్కడే."

"ఇక్కడేం పని?"

"తుమ్మాలి."

గార్డు నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఈ గేటు దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు, కొట్టడానికొచ్చినవాళ్ళున్నారు. ఇలాంటి కారణం మాత్రం ఇదే వినడం!"

"మా ఆవిడ పైన ఉంది. నేను పోయాననుకుంటోంది. నా తుమ్మైతే గుర్తుపడుతుంది."

గార్డు సిలిండర్లు దొర్లిస్తున్నవాళ్ళ వైపు తిరిగి, "కాసేపు చప్పుడు ఆపండయ్యా," అన్నాడు.

"ఏ కిటికీరా?"

"ఎడమవైపు చివరిది."

మామయ్య తల వెనక్కి వాల్చి చూశాడు. పడమటి ఎండకు అద్దాలన్నీ ధగధగా మెరుస్తున్నాయి. ఆయన రెప్ప వాల్చలేదు. చూస్తూనే ఉన్నాడు. మెల్లిగా ఆయన చెయ్యి పైకి లేచింది.

పావురాలు గుంపుగా ఎగిరిపోయాయి. అంబులెన్సు డ్రైవరు టైరు పేలిందనుకుని కిందికి దూకాడు. మామయ్య మాస్కు తాడు తెగి ఒక చెవికి వేలాడింది. దాని వెనకే, బుల్లిది.

పైన జరిగింది నర్సమ్మ తరువాత చెప్పింది. వార్డంతా ఉలిక్కిపడితే అత్తయ్య ఒక్కతే తాపీగా లేచి కూర్చుని, "వచ్చేశారు. తినడానికి ఏదైనా పెట్టండమ్మా," అందట. తిని, మాస్కు తానే పెట్టుకుందట. ఆ తరువాత రోజూ సాయంత్రం మామయ్య వెళ్ళి తుమ్మి వచ్చేవాడు. కాస్త ఆలస్యమైతే, పక్క మంచం ఆవిడ కూడా, "మీ ఆయన ఇంకా రాలేదేం?" అని అడిగేదట.

అత్తయ్య ఇంటికొచ్చాక నేను మామయ్యతో, "ఇదంతా ఆ మలుపు దుమ్ము నేర్పిన విద్యే," అన్నాను.

"అక్కడ దుమ్మేం లేదురా. అది కావాలనే తుమ్మేవాణ్ణి."

"కావాలనా? ఎందుకు?"

"పెళ్ళైన కొత్తలో ఓసారి రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి మీ అత్తయ్య గేటు పట్టుకుని వణికిపోతోంది. దగ్గరికొచ్చేశానని ముందే తెలియాలి కదా? పేరు పెట్టి వీధిలో కేకేస్తే బాగుంటుందా? నలుగురూ ఏమనుకుంటారు?"

నలుగురూ ఏమనుకున్నారో ఆయనకు నేను చెప్పలేదు.

"నీకీ సంగతి తెలుసా?" అని వంటింట్లో అత్తయ్యను అడిగాను.

"తెలీకేం? అసలుదైతే వెనకాల పిల్ల తుమ్ము ఉంటుంది. మలుపులోది ఒంటిదే."

"మరి ఆస్పత్రి దగ్గర?"

"మొదటి రోజు పిల్లతో సహా వచ్చింది," అని అత్తయ్య కాఫీకి నీళ్ళు పెట్టింది.

నా ఒళ్ళు పులకరించింది. జబ్బు ఎత్తుకుపోయిన తుమ్మును అనురాగం వెనక్కి లాక్కొచ్చిందని, వైద్యశాస్త్రం తలవంచి నమస్కరించవలసిన ఘట్టమని, మామయ్య ఎదుట నిలబడి గంభీరంగా ప్రసంగించాను.

మామయ్య చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"ఎండ కంట్లో పడి తుమ్మొచ్చిందిరా," అన్నాడు.