పొడుగు పేరు హెడ్‌ఫోన్లది, పొట్టి పేరు స్పీకర్లది

దేవుడు నాకు రెండు చెవులిచ్చాడు. మా ఆవిడ లెక్కలో ఆ రెండూ తీగ పీకేసిన చెవులే. ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు, ఇక వీడితో మనకేం పని అని అవి కూడా మానేసి ఉంటాయి. అలాంటి నాకు చెవులతోనే ఉద్యోగం దొరికింది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో వినే ఉద్యోగం.

నిజంగానే చెబుతున్నాను. రొయ్య తింటే చప్పుడవుతుంది. మనింట్లో అప్పడాలు తినే మామయ్యంత కాకపోయినా, అవుతుంది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, వాకాడు దగ్గర ఒక రొయ్యల గుంట లీజుకు తీసుకుని ఉన్నాడు. అంతకుముందు పంట తెల్లమచ్చ రోగం వచ్చి మొత్తం పోయింది. గుంట సొంతదారు మెత్తని మనిషే గానీ, ఈ పంట కూడా పోతే గుంట వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ముందే చెప్పేశాడు. అంటే పంట నిలబడితే గుంట మా చేతిలో ఉంటుంది, లేకపోతే లేదు. బావ ఆ మాట ఎవరితోనూ అనేవాడు కాదు. రోజుకు నాలుగుసార్లు వచ్చి కట్ట మీద నిలబడి నీళ్ళ వైపు చూసి పోయేవాడు.

అప్పుడే ఎవరో చెబితే ఈ మైకు పెట్టించాడు. ఒక మనిషి వచ్చి నీళ్ళలోకి మైకు దించి, దాని తీగ కట్ట మీది షెడ్డులోకి లాగి, ఒక పాత కంప్యూటరుకు తగిలించి పోయాడు. మేత చల్లేటప్పుడు నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఎటూ ఆపేస్తాం. గుంటంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ కాసేపు వింటే, కాలిన పెనం మీద గల్లుప్పు చల్లినట్టు చిటపటమంటుంది. అదే వాటి భోజనం. చిటపట గట్టిగా ఉంటే మేత పెంచాలి, సన్నబడితే తగ్గించాలి. ఆగిపోతే ఏదో రోగం వచ్చిందని అర్థం.

వినడానికి రెండు దార్లున్నాయి. సన్నని తేడా పట్టాలంటే హెడ్‌ఫోన్లు. కట్ట మీద తిరుగుతూ వినాలంటే స్పీకర్లు. కంప్యూటరుకు వాటిని గుచ్చే బొక్క మాత్రం ఒక్కటే. అందుకని మొదట్లో ఒకటి పీకి ఇంకొకటి గుచ్చడం, దాన్ని పీకి దీన్ని గుచ్చడం, రోజంతా అదే పని. నెల తిరక్కముందే ఆ బొక్క ముసలాడి పన్నులా ఊగడం మొదలుపెట్టింది. అప్పుడు వాకాట్లో జిరాక్స్ షాపు పెట్టుకున్న భాయ్ వచ్చి, పెన్‌డ్రైవ్ పెట్టే చోట గుచ్చే హెడ్‌ఫోన్లు తెచ్చి తగిలించి, ఇక దేన్నీ పీకొద్దన్నాడు. తెర కింద కుడివైపు మూలన స్పీకరు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, పక్కన వచ్చే బాణాన్ని నొక్కితే రెండు పేర్లు కనబడతాయి. ఏ పేరు మీద నొక్కితే చప్పుడు అందులోకి పోతుంది. ఆ పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. నేను చదవబోతే భాయ్ ముఖం చూడలేకపోయాను. చివరికి ఆయనే దారి చెప్పాడు. పొడుగు పేరు హెడ్‌ఫోన్లది, పొట్టి పేరు స్పీకర్లది. నా చదువుకు అంతవరకు చాలు.

ఆ విద్య వచ్చాక నన్ను పట్టుకోలేకపోయారు. బావ షెడ్డులో నిలబడి స్పీకర్లలో వింటూ ఉంటే, చిన్నగా పొడుగు పేరు నొక్కేవాణ్ణి. చప్పుడు ఠక్కున ఆగేది. బావ ముఖంలో రంగు మారేది. మళ్ళీ పొట్టి పేరు నొక్కేవాణ్ణి. బావ చెప్పు తీసేవాడు. నేను కట్ట మీద పరుగు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కరెంటు పోయి వచ్చిందంటే కంప్యూటరు తనకిష్టమైన పేరు పట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి అట్లాగే, స్పీకర్ల స్విచ్చి ఆపి ఉండగా, హెడ్‌ఫోన్లలో ఏమీ వినబడకపోతే రోగమే వచ్చిందనుకుని బావకు ఫోను చేశాను. అన్నం ముందు నుంచి లేచి, చేతికి మెతుకులతోనే బండేసుకుని వచ్చాడు. వచ్చి పొట్టి పేరు మీద ఉన్నదాన్ని పొడుగు పేరుకు మార్చాడు. రొయ్యలు హాయిగా భోంచేస్తున్నాయి. వారం తిరక్కముందే మళ్ళీ అదే జరిగింది. ఈసారి మేత చల్లేవాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. రోగం రొయ్యలకు కాదు, మా బామ్మర్దికి వచ్చిందని బావ వాళ్ళతో అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నా మీద నేను వేసుకునే జోకులు వెయ్యి ఉంటాయి. ఇంకొకరు వేసిన ఆ ఒక్కటి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇక ముందు నేను బాగుచేసుకోకుండా ఫోను చెయ్యకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుంటలో నాలుగు మూలలా చెక్ ట్రేలు ఉంటాయి. తాడు కట్టి దించిన వల పళ్ళాలు. మేత వేసిన రెండు గంటలకు వాటిని పైకెత్తి, ఎంత మిగిలిందో చూడాలి. మైకు వచ్చాక నేను వాటిని ఎత్తడం మానేశాను. ఎత్తుతున్నానని బావకు చెబుతూ వచ్చాను.

ఆ శనివారం తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. ఆరు గంటల మేతకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. చిటపట లేదు. సన్నగా సుయ్‌మని గాలి చప్పుడు మాత్రం ఉంది. సరే, మన కంప్యూటరు సంగతి తెలిసిందే అనుకుని మూలకు పోయి పొట్టి పేరు నొక్కాను. స్పీకర్లలోనూ అంతే. మళ్ళీ పొడుగుది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. వైర్లు తుడిచాను. పది గంటల మేతకూ అదే, రెండు గంటల మేతకూ అదే. మేత మాత్రం రోజూ వేసినంతే వేయించాను. చప్పుడు రాలేదేమని మేత చల్లేవాళ్ళు అడిగితే, శనివారం కదా, రొయ్యలు ఒక్కపొద్దు ఉన్నాయన్నాను. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ జోకు బాగుందని సాయంత్రం దాకా ఇంకో రెండుసార్లు వాడాను.

నాలుగింటికి బావకు ఫోను చేశాను. అప్పుడు కూడా, సిస్టం చెడినట్టుందనే చెప్పాను.

"చెక్ ట్రే ఎత్తినావా?" అన్నాడు.

వైర్లు తుడిచానని చెప్పాను. ఆయన ఫోను పెట్టేశాడు.

వచ్చి కంప్యూటరు వైపు చూడనే లేదు. నేరుగా పోయి తాడు లాగాడు. పొద్దున వేసిన మేత పళ్ళెంలో ఉబ్బి తెల్లగా ఉంది. దాని మీద రెండు రొయ్యలు కదలకుండా ఉన్నాయి. ఒకదాని తల మీది పెంకు ఒలిచి, వెలుగుకు అడ్డం పట్టి చూశాడు. తర్వాత దాన్ని నా అరచేతిలో పెట్టాడు. గోరంత పెంకు. దాని మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు.

బావ తిట్టలేదు. బతికున్నవాటినైనా పట్టి అమ్ముకోవాలని వలవాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళు అప్పటికే వేరే గుంటలో దిగి ఉన్నారు. పొద్దున్నే చెప్పి ఉంటే ముందు ఇక్కడికే వచ్చేవాళ్ళమని, ఇప్పుడైతే తెల్లవారాకేనని అన్నారు. ఆ మాట ఫోన్లోంచి నాకూ వినబడింది. నా చెవులు ఆ ఒక్క మాటకు బాగా పనిచేశాయి.

తెల్లారేసరికి రొయ్యలు ఎర్రబడి అంచులకు చేరాయి. పిట్టలు వాలకుండా మేం కట్టిన దారాలను లెక్కచెయ్యకుండా కొంగలు దిగాయి. వల లాగితే బతికున్నవి తక్కువ, తేలినవి ఎక్కువ. నేను బుట్టలు మోశాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. భయం కూడా వేయలేదు. వేళకు ఆకలి మాత్రం వేసింది. ఎవరో ఇడ్లీలు తెస్తే ఆరు తిన్నాను. చట్నీలో ఉప్పు తక్కువైందని కూడా అన్నాను.

వల లాగేవాళ్ళు మైకును తీసి కట్ట మీద పడేశారు. అలవాటుగా షెడ్డులోకి పోయి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కట్ట మీది మాటలు, బురదలో అడుగులు, అన్నీ వినబడ్డాయి. అప్పుడు తెలిసింది. చప్పుడు వేరే పేరులోకి పోయి ఉంటే నిన్న ఆ సుయ్‌మనేది కూడా వినబడకూడదు. అది వినబడింది. అంటే మైకు బాగుంది, తీగ బాగుంది, నేను నొక్కిన పేరూ సరిగ్గానే ఉంది. ఆరు గంటలకే గుంట ఉన్న సంగతి నా చెవిలో చెప్పింది. నేను రోజంతా మూలన ఉన్న బొమ్మను నొక్కుతూ కూర్చున్నాను.

గుంట సొంతదారు అన్న మాట ప్రకారమే చేశాడు. ఇరవై రోజుల తర్వాత బావా నేనూ షెడ్డు ఖాళీ చెయ్యడానికి పోయాం. గుంట ఎండి నెర్రెలిచ్చి, పైన సున్నం చల్లి ఉంది. ఆ ఇరవై రోజులూ బావ నాతో కావలసినంతే మాట్లాడాడు. మా అక్క మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టింది, ఏమీ అడగలేదు. నాకేమో లోపల ఏ చప్పుడూ లేదు. రెండు పేర్లూ నొక్కి చూసినా రాదు.

కంప్యూటరు గోనెసంచిలో చుడుతూ, సుయ్‌మన్న సంగతి బావకు చెప్పాను. పొద్దున ఆరింటికే తెలిసి ఉండాల్సిందని, ఫోను చేస్తే నవ్వుతావని చెయ్యలేదని, ట్రేలు మైకు వచ్చినప్పటి నుంచీ ఎత్తలేదని, అన్నీ చెప్పాను. బావ తాడు చుడుతూ విన్నాడు. ఎప్పటిలాగే నా నోరు జారింది.

"కంప్యూటరు బాగానే ఉండాది బావా, చెడింది నేనే. నాకేమన్నా మూలన బొమ్మ ఉండాదేమో నొక్కి చూడు."

బావ తాడు ముడి వేసి, సంచి భుజానికెత్తుకున్నాడు.

"నువ్వేం చెడలేదులేరా. ఆ రోజు నీ సౌండు బానే వచ్చినాది. వేరే పేరులోకి పోయినాది. మేత చల్లే కూలోళ్ళకు వినపడినాది, నాకు వినపడలా, అంతే."