గుండుతో పనికి వెళ్లిన రోజు

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా కాయలు కోస్తున్నాను. ఈ సీజన్‌లో మా గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే కెమెరా పెట్టారు. తిరుమలలో మొక్కు తీర్చుకుని వచ్చిన మర్నాడు నేను గుండుతోనే పనికి వెళ్లాను. కెమెరా నన్ను గుర్తుపట్టలేదు. చెంగు కప్పుకున్నాను, తీశాను, ముఖం కడుక్కుని వచ్చాను. ప్రతిసారీ ఎర్ర లైటే. వెనక లైనులో వాళ్లు విసుక్కున్నారు.

“రమణప్పా, నేనెవురో నీకు తెలీదా?” అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

“నాకు తెలిసి ఏం లాభం అక్కా? మిషను ఒప్పుకోవల్ల గదా,” అన్నాడు. ఆరేళ్లుగా నా క్యారియర్‌లో ఊరగాయ అడిగి తినేవాడే.

గంటసేపు ఎండలో నిలబడ్డాను. చివరికి నా పక్కన పనిచేసే మునెమ్మ, మా అమ్మాయి పెళ్లిలో తీసిన నా ఫొటోను తన ఫోనులో వెతికి కెమెరాకు చూపించింది. వెంటనే పచ్చ లైటు వెలిగి గేటు తెరుచుకుంది.

“సరే, పో అక్కా,” అన్నాడు రమణప్ప, ఏమీ జరగనట్టు.

ఆ రోజంతా కాయలు కోస్తుంటే అదే గుర్తొచ్చింది. కెమెరాకు నేను కొత్త, పోనీ అనుకున్నాను. ఎదురుగా ఉన్న నన్ను కాదని రమణప్ప కూడా దాని మాట కోసమే కాచుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.