పగిలినా కలవనియ్యని గ్లాసులు

ఈ పొద్దు సుడిగాలికి తడక కూలి గిద్దలూరు కాఫీ హోటల్లో గ్లాసులన్నీ పగిలినాయి. పెద్దకులపోళ్లవీ, మా మాలపల్లెవాళ్లకని విడిగా పెట్టినవీ కలిసిపోయినాయి. పాతగాజు కొని మద్రాసు బట్టీలకు పంపే సాయిబు అన్నీ ఒకే గోతంలో ఎత్తబోతే హోటలాయన ఒప్పుకోలేదు.

"ఒరేయ్, మీ గ్లాసుల పెంకులు ఏరి పక్కన పెట్టు," అన్నాడు కాఫీకని వచ్చిన నాతో.

"అన్నీ ఒకే తీరుగా ఉండాయి సామీ, ఏవి మావో ఎట్ల తెలుస్తది?"

"రోజూ తాగేటోనివి, నీకు తెలీదా?"

ఏరతా ఉంటే వేలు తెగింది. నెత్తురంటిన పెంకులు చూపించి, "అదిగో, అవి మీవే," అన్నాడాయన.

సందు మలుపులో సాయిబు రెండు కుప్పలూ ఒకే గోతంలో పోసుకున్నాడు. అవి బట్టీలో కరిగి కొత్త గ్లాసులై మళ్లీ ఆ హోటలుకే వస్తాయి. అప్పుడు మావి ఏరడానికి హోటలాయన ఎవరి వేలు కోయిస్తాడో మీరే చెప్పండి.