రత్నమన్న పడవలో అనకూడని మాట

పత్తి లారీ మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల ఊడిపోయి గాలికి టపటపా కొట్టుకుంటే చాలు, ఇప్పటికీ నా చేతులు తాడు కోసం వెతుకుతాయి. ఆదిలాబాద్‌లో టార్పాలిన్లు కుట్టే దుకాణం నాది. పత్తి సీజనంతా ఆ మోత వినబడుతూనే ఉంటుంది. పక్క దుకాణాల వాళ్లకు అది వట్టి చప్పుడు. నాకు మాత్రం అది సముద్రం మీది చాప చప్పుడు. దుబాయిలో ఉన్నన్నాళ్లూ నేను తెరచాపలు కుట్టాను. ఆ చాపలు కట్టిన పడవలను సముద్రం మీద నడిపినవాడు రత్నమన్న.

రత్నమన్నది కరీంనగర్, మెథడిస్టు చర్చి కుటుంబం. అమ్మకానికి వచ్చిన పడవలను కొనేవాళ్లకు నడిపి చూపించడం ఆయన పని. చాపలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి నేను వెంట వెళ్లేవాణ్ని. పొట్టి మనిషి, మాట మెత్తన. కానీ ఆయన పడవలో ఒక మాట నిషిద్ధం. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక తాడు అరిగిందని చూపిస్తే, నేను అలవాటుగా "ఏంగాదు తియ్ అన్నా" అన్నాను. మన దగ్గర ఆ మాట లేకుండా పొద్దు గడవదు కదా! జ్వరమొచ్చినా ఏంగాదు, బండికి బ్రేకు పడకపోయినా ఏంగాదు. రత్నమన్న పడవను వెనక్కి తిప్పి ఒడ్డుకు చేర్చాడు.

"గా మాట గీన్నే దింపి ఎక్కు తమ్మీ. నా పడవల ముందుగాల ఎవలికి భయమైతదో వాళ్ల మాటే మాట. చాప తగ్గిస్త. ఎందుకని అడగ, నవ్వ. కని భయం దాస్తె మాత్రం ఊకోను."

మనసులో నవ్వుకున్నాను. సముద్రం మీద బతికేవాడికి ఇంత పిరికితనమేమిటి అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు పుణే దంపతులొచ్చారు. ఉద్యోగాలు మానేసి, చిన్న కూతురితో సహా పడవలోనే కాపురముంటూ దేశాలు తిరగాలని వాళ్ల కోరిక. కోరిక భర్తది, సందేహం భార్యది అనాలేమో. రెండు పడవలు చూడడానికి ఇద్దరే వచ్చారు. పొడవులో రెండూ ఇంచుమించు ఒకటే. ఒకటి వెడల్పుగా, బరువుగా ఉంటుంది. లోపల నిటారుగా నిలబడి వంట చేసుకోవచ్చు. రెండోది సన్నగా, ఎత్తైన స్తంభంతో, పెద్ద చాపతో ఉంటుంది. నాకు మరాఠీ వచ్చని తెలియగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నేను ఆమెను తాయీ, అంటే అక్కా అన్నాను, ఆమె నన్ను భావూ, తమ్ముడూ అంది. "నేను సరేనంటేనే పాప వస్తుంది. లేకపోతే ఆయన ఒక్కరే వెళ్లిపోతారు" అని మెల్లగా చెప్పింది. మొగుడి మీద కోపం లేదు ఆమె గొంతులో, దిగులు ఉంది.

పొద్దున వెడల్పు పడవ ఎక్కాం. గాలి తక్కువ. తాయి చాయ్ పెట్టింది, కప్పుల్లో చుక్క ఒలకలేదు. కానీ గాలికి ఎదురు వెళ్లాలంటే ఆ పడవ మొరాయించింది. ఆమె భర్త వేగం చూపే మీటరు వైపే చూస్తూ "ఎడ్లబండి" అని విసుక్కున్నాడు.

మధ్యాహ్నం సన్న పడవ ఎక్కేసరికి వాయవ్యం నుంచి గాలి లేచింది. అక్కడ దాన్ని షమాల్ అంటారు. పడవ ఒక పక్కకు ఒరిగి, అంచు నీళ్లను కోసుకుంటూ దూసుకుపోయింది. లోపల గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చుక్కాని చక్రం పట్టుకున్న భర్త పిల్లాడిలా కేకలు వేస్తున్నాడు. తాయి రెండు చేతులతో కడ్డీని పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే నాకే ఏడుపొచ్చింది.

"మలా భీతీ వాటతే, భావూ" అంది. భయమేస్తోందట. "ఆయనకు చెప్పకు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే వాళ్ల ప్రయాణం ఇక్కడే ముగిసిపోతుంది. చెప్పకపోతే ఇంత చాపతో ఎంతసేపు? వాయవ్యంలో ఆకాశం దుమ్ము రంగుకు తిరిగింది. మన తెలుగు ఆమె భర్తకు రాదు కాబట్టి రత్నమన్న చెవిలో వేశాను.

"అన్నా, తాయికి భయమైతుంది. సాబ్‌కు చెప్పద్దంటుంది."

రత్నమన్న ఆమె ముఖం వైపు ఒక్కసారి చూసి, భర్త వైపు తిరిగాడు. హిందీలో, అందరికీ వినబడేటట్టు, "సాబ్, నాకు భయమవుతోంది. చాప తగ్గించాలి" అన్నాడు.

"కెప్టెన్‌కి భయమా? పడవ ఇప్పుడే పరుగందుకుంది. ఏం కాదు!" అని ఆయన పకపకా నవ్వాడు.

అనకూడని మాట అననే అన్నాడు. రత్నమన్న చక్రం కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు. భర్త వదల్లేదు. అప్పుడు తాయి, "కెప్టెన్‌కి కాదు. నాకు. నాకు భయమేస్తోంది" అంది.

భర్త నవ్వు ఆగిపోయింది. చక్రం వదిలి పక్కకు జరిగాడు. నేను పాకుతూ స్తంభం దగ్గరికి వెళ్లాను. తాడు బిగుసుకుపోయింది, ఎంత లాగినా చాప దిగదు. గోళ్లు చీలి నెత్తురొచ్చింది. ఎట్టకేలకు కొంత దించి, ముడి వేస్తుండగానే విసురుగాలి వచ్చి తగిలింది. స్తంభాన్ని కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాను. పడవ ఒరిగింది, ఆగింది, మళ్లీ నిలబడింది. నిండు చాప ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం లేదు.

"వేగం తగ్గలేదే!" అన్నాడు భర్త మీటరు చూసి, ఆశ్చర్యంగా. ఒరిగిన పడవ నీళ్లతో కొట్లాడుతుందని, నిలబడ్డ పడవ ముందుకు పోతుందని రత్నమన్న వివరించాడు. తాయి లేచి చక్రం అడిగింది. రేవు దాకా ఆమే నడిపింది.

ఒడ్డున భర్త తల దించుకుని, "పొద్దున చూసిందే తీసుకుందాం, నీకు సుఖంగా ఉంటుంది" అన్నాడు.

"వద్దు, ఇదే. అందులో నాకు భయం వేయలేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇందులో నాకు భయమేస్తే చాప దిగింది" అంది తాయి.

పడవ కడుగుతూ రత్నమన్నను అడిగాను: "నిజంగనే భయమైందా అన్నా, ఆమె కోసం అన్నవా?"

"మొదలు కాలే. ఆమె మొకం చూసినంక అయింది. నేను అబద్ధమాడలే తమ్మీ."

రత్నమన్న ఇప్పుడు లేడు. కరీంనగర్‌లో ఆయనను మట్టి చేసిన రోజు నేను గల్ఫ్‌లోనే ఉండిపోయాను. ఆ బాధ పోదు.

మొన్నీమధ్య మా అవ్వకు గుండె ఆపరేషన్. స్ట్రెచర్ మీద పడుకోబెట్టగానే, "భయమైతుంది బిడ్డా" అంది. చుట్టూ నిలబడ్డ చుట్టాలందరూ ఒక్క గొంతుతో "ఏంగాదు, ఏంగాదు" అన్నారు. అవ్వ అందరినీ వదిలి నా వైపు చూసింది.

"నాకు గూడ అయితుందవ్వా" అన్నాను.

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అట్లయితె తలుపు దాక నా ఎంబడి రా" అంది.